మిగతావన్నీ నార్మలే

*శుక్రవారం మధ్యాహ్నం, రక్తపరీక్షల సెంటరు. కౌంటరు అమ్మాయి ముందు నిలబడ్డ మనిషి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది. పదమూడు రోజుల క్రితం ఆమెకి మూడోసారి కడుపు పోయింది.*

"మిగతావన్నీ నార్మలే మేడమ్. షుగరు నార్మల్, థైరాయిడ్ నార్మల్, అన్నీ నార్మలే."

"మిగతావి అంటే?"

"అంటే... మిగతావి."

"దేన్ని వదిలేస్తే మిగతావి?"

"మీరు సోమవారం డాక్టరుగారికి చూపించండి మేడమ్. ఆవిడ చెబుతారు."

"సోమవారం దాకా ఆవిడ ఊళ్ళో లేరు. ఇక్కడ ఒకచోట లావుగా అచ్చేశారు చూడండి. మిగతావన్నీ సన్నగా ఉన్నాయి. ఇదేంటి?"

"నేను చెప్పకూడదు మేడమ్."

"చెప్పకూడదా, మీకు తెలీదా?"

"చెప్పకూడదు."

"నా రక్తమేనమ్మా అది. పదకొండు సీసాలు పట్టారు. ఇంక మీలో ఏం మిగల్లేదండీ అని, తీసినాయన జోకు కూడా వేశాడు."

"అందులో మూడు సీసాలు పెద్ద ల్యాబుకి పంపాం మేడమ్. అవి గురువారానికి గానీ రావు."

"రాని వాటి గురించి అడగట్లేదు. వచ్చిన దాని గురించే. ఇది ఏ పరీక్ష?"

"కొంచెం ఇటు పక్కకి రండి. వెనకాల జనం ఉన్నారు."

"వచ్చాను."

"మీకు పెళ్ళయి ఎన్నేళ్ళయింది?"

"ఐదు."

"అది... ఆడామగా మధ్య అంటుకునే జబ్బు ఉంటుంది కదా మేడమ్. అది ఉందో లేదో చూసే పరీక్ష."

"ఏమని వచ్చింది?"

"పాజిటివ్ అని."

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టు."

"ఎవరికి?"

"మీకే మేడమ్. పైన మీ పేరే కదా ఉంది."

"అవును, నా పేరే. కడుపు నిలవకపోవడానికీ, దీనికీ..."

"ఆ జబ్బుంటే కడుపు పోతుందని మాకు చదువులో చెప్పారు. అంతకుమించి నాకు తెలీదు. మీవారిని కూడా పరీక్ష చేయించుకోమనండి. మామూలుగా... మామూలుగా వాళ్ళ నుంచే వస్తుంది."

"ఆహా."

"మేడమ్, కాసేపు కూర్చుంటారా? మంచినీళ్ళు ఇవ్వనా?"

"వద్దమ్మా. స్టేప్లర్ ఉంటే ఇవ్వండి. కాగితాలు విడిపోతున్నాయి."

*అదే రోజు సాయంత్రం, వాళ్ళ వంటగది. ఆమె భర్త లిఫ్టులు బిగించే మెకానిక్. పనిలోంచి వచ్చి, చేతుల గ్రీజు వదిలించుకుంటున్నాడు.*

"కాగితాలు వచ్చాయా?"

"వచ్చాయి."

"ఏమన్నారు?"

"అనడానికి డాక్టరు లేదుగా. సబ్బు అటుపక్క ఉంది."

"కనబడుతోందిలే. నువ్వు చదివావా?"

"చదివాను. మిగతావన్నీ నార్మలే."

"హమ్మయ్య. మంచిదేగా! ...మిగతావన్నీ ఏంటి?"

"నేనూ అదే అడిగాను ఆ కౌంటరు అమ్మాయిని."

"ఏమోయ్, ఏమైంది?"

"చేతులు తుడుచుకుని చూడండి, మరకలవుతాయి. రెండో కాగితం. లావు అక్షరాలు."

"ఈ పొట్టి పొట్టి మాటలు నాకేం తెలుస్తాయి? ఏం పరీక్ష ఇది?"

"సుఖవ్యాధి."

"ఏంటీ?"

"సుఖవ్యాధి అండీ. ఆడామగా మధ్య అంటుకునేది. అది నాకు ఉంది. అది ఉంటే కడుపు నిలవదట. ఆ అమ్మాయి చెప్పింది. మంచి పిల్ల. స్టేప్లర్ కూడా ఇచ్చింది."

"ఉండు. ఒక్క నిమిషం ఉండు."

"ఉన్నాను. అన్నం పెట్టనా?"

"ఉండమన్నానా! వేరేవాళ్ళ కాగితమేమో. ఒక్కోసారి మారిపోతుంటాయి."

"నా పేరు, నా వయసు, మీ ఫోను నంబరు."

"ఒక్క నిమిషం."

"నిమిషం, నిమిషం అంటూ కుళాయి కట్టడం మర్చిపోయారు."

"కడతాలే. నువ్వు... నువ్వేమనుకుంటున్నావు?"

"నేనేం అనుకోవట్లేదు. ఈ కాగితం బ్యాగులో పెట్టుకుని తిరిగి షాపుకే వెళ్ళాను. నాలుగు జతల అద్దాలు చేశాను. ఒక్కటీ పగల్లేదు."

"ఏమోయ్, ఇటు చూడు. నువ్వేమైనా నాకు చెప్పాలా?"

"నేను చెప్పేదేముంది? కాగితం చెప్పేసిందిగా. చెప్పాల్సింది మీరు."

"నేనా?"

"ఊఁ."

"...నేనే."

"ఏంటి మీరే?"

"నా వల్లే వచ్చింది నీకు. నాదే."

"ఎప్పుడు?"

"అదే... అప్పుడు ఆ పెద్ద బిల్డింగు పని మీద వెళ్ళానే. పన్నెండు అంతస్తులది. నాలుగు నెలలు."

"మనకి మొదటిది పోకముందు."

"ఆఁ. ముందే. ముందే అది."

"ఎవరు?"

"ఎవరైతే ఏంలే."

"ఎవరు?"

"అక్కడ ఒకావిడ. మందుల షాపులో చేసేది."

"పేరు?"

"పేరెందుకు ఇప్పుడు?"

"ఊరికే. పోయిన ముగ్గురికీ పేర్లు లేవు. దీనికైనా ఉందేమోనని."

"వద్దు. పేరు మాత్రం అడక్కు."

"పెళ్ళయిన మనిషా?"

"కాదు. అవును. మొగుడు లేడు."

"ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేంటి, మామూలుగానే ఉంటుంది. అందరిలాగే."

"ఎక్కడ కలిసేవాళ్ళు?"

"వాళ్ళింట్లో. పసుపు రంగు మేడ. పైన గది."

"మందుల షాపు దగ్గరా?"

"బట్టల కొట్టు వెనకాల. ఆవిడ చేసే బట్టల కొట్టు ఉంది చూడు, దాని వెనకాల."

"ఊఁ."

"ఊఁ ఏంటి? తిట్టు నన్ను. ఏదైనా విసిరెయ్."

"ఏం విసరను? అన్నీ స్టీలువే. చప్పుడు తప్ప ఏమీ అవదు."

"పోనీ ఏడువు."

"రావట్లేదు. మూడోది పోయిన దగ్గర్నుంచీ రావట్లేదు. తొందరపెట్టకండి."

"తొందరపెట్టట్లేదు. నువ్వలా నిలబడితే భయంగా ఉంది."

"మొదటిది ఏడు వారాలు. రెండోది ఎనిమిదిన్నర. మూడోది తొమ్మిది దాటాక, తెర మీద గుండె కొట్టుకోవడం చూశాక. మూడింటికీ మీరేనా?"

"ఉండు, కుళాయి కట్టేస్తాను."

"అడుగుతున్నానండీ. మూడింటికీ మీరేనా?"

"అవును. మూడింటికీ నేనే. నువ్వు దేనికీ కాదు. నీ వల్ల ఏదీ జరగలేదు. విన్నావా? అది ఒక్కటీ గుర్తుపెట్టుకో."

"సరే."

"సరే ఏంటి?"

"గుర్తుపెట్టుకుంటాను. అన్నం తినండి, చల్లారిపోతోంది."

*ఆదివారం పొద్దున. అతను రెండు రాత్రులుగా హాల్లో చాప మీద పడుకుంటున్నాడు. ఆమె లేచేసరికి గిన్నెలన్నీ కడిగేసి ఉన్నాయి.*

"నా బాక్సు ఎందుకు కడిగారు? రేపు కదా షాపు."

"ఖాళీగా ఉన్నానని."

"మూతకి రబ్బరు ఉంటుంది, అది తీసి కడగాలి."

"తీశాను. అక్కడ ఆరబెట్టాను చూడు."

"ఒక సంగతి ఆలోచించాను."

"ఏంటి?"

"ఆవిడకి చెప్పాలి కదా."

"ఎవరికి?"

"ఎవరికి అంటారేంటి? ఆవిడకే. ఆవిడకీ ఈ జబ్బు ఉన్నట్టే కదా. తెలిసి ఉండదు పాపం. రేపు మనకి డాక్టరు మందు ఇస్తుంది, మరి ఆవిడకి ఎవరిస్తారు? ఫోను చెయ్యండి."

"నంబరు లేదు."

"నాలుగు నెలలు తిరిగి నంబరు లేదా?"

"తీసేశాను. పారేశాను."

"అయితే ఉత్తరం రాయండి. పసుపు మేడ అని రాస్తే ఇస్తారు. నేను రాస్తాను పోనీ, మీరు ఊరు చెప్పండి."

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో. అక్కడివాళ్ళు. ఏమోయ్, ఆవిడ సంగతి నీకెందుకు? నీకు కోపం రావాలి గానీ, ఆవిడకి మందులిప్పించాలని చూస్తావేంటి?"

"ఆవిడకీ కడుపుంటుంది కదండీ. అందుకని."

"...వదిలెయ్. దణ్ణం పెడతాను, వదిలెయ్."

"మీరెందుకు ఏడుస్తున్నారు?"

"ఏడవట్లేదు. సబ్బు. చూడు, నీకేది కావాలంటే అది చేద్దాం. ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను. కానీ నిన్ను నువ్వు ఏమీ అనుకోకు."

"నన్ను నేనేం అనుకుంటాను?"

"అదే. ఏమీ అనుకోకు."

*బుధవారం పొద్దున, ఆమె అక్క నడిపే ఇస్త్రీ షాపు. అక్కకి చెప్పక తప్పలేదు, చెప్పేసింది.*

"అక్కా, చొక్కా కాలుతోంది."

"కాలనీ! నాలుగు నెలలు అక్కడ వెలగబెట్టి వచ్చి, ఏమీ ఎరగనట్టు నీ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడా?"

"ముందు ఆ పెట్టె ఎత్తి పక్కన పెట్టు."

"పెట్టాను. నోట్లో వేలు పెడితే కొరకలేడనుకున్నామే మనం! మా మరిది లాంటివాడు లేడని ఇదే షాపులో ఎంతమందికి చెప్పాను! ఎవరట అది?"

"మందుల షాపులో చేస్తుందట."

"ఇంకేం, జబ్బూ అదే ఇచ్చి, మందూ అదే అమ్ముతుంది."

"తర్వాత మళ్ళీ బట్టల కొట్టు అన్నారు."

"ముందు మందుల షాపు, తర్వాత బట్టల కొట్టా? అయితే ఇద్దరన్నమాట!"

"అక్కా."

"ఏంటే అక్కా? ఆయన చెప్పిందే కదా నేను కూడింది."

"నవ్వొస్తోంది."

"నవ్వు. పోనీ అదైనా రానీ."

"వచ్చి పోయింది."

"చిన్నీ, నువ్వు నన్ను భయపెడుతున్నావే. గట్టిగా అరిచెయ్. ఎవరూ లేరు ఇక్కడ, అన్నీ చొక్కాలే."

"అరవాలంటే ఎక్కడో ఒకచోట నొప్పెట్టాలి కదక్కా. పన్ను పీకేటప్పుడు మత్తు సూది ఇస్తారు చూడు. లాగుతున్నట్టు తెలుస్తుంది, చప్పుడు వినబడుతుంది. నొప్పి మాత్రం తెలీదు. అలా ఉంది నాకు."

"మత్తు దిగుతుందిలే."

"దిగినప్పుడు చూద్దాం."

"సోమవారం డాక్టరమ్మ ఏమంది?"

"లోపల ఎవరికో కాన్పు కష్టమవుతోందట. నిలబడే కాగితం చూసింది. దీన్ని పట్టుకుని అప్పుడే ఏమీ అనుకోకండి, ఇంకో పరీక్ష చేయాలి అంది. ఇద్దరి దగ్గరా రక్తం తీయించి, గురువారం రమ్మని పరిగెత్తింది."

"అనుకోవద్దా? ఇంకా అనుకోవడానికి ఏం మిగిలింది, ఆయనే ఒప్పుకున్నాక!"

"నేనూ అదే అనుకున్నాను."

"సూది గుచ్చుతుంటే ఎలా ఉన్నాడు? వణికాడా?"

"లేదు. తనే చొక్కా చెయ్యి మడిచి ముందుకి పెట్టారు. నాకు గుచ్చేటప్పుడు మాత్రం చూడలేక బయటికి వెళ్ళిపోయారు."

"నాటకాలు."

"ఏమో."

"ఏమో కాదు, సామాను సర్దు. మెట్ల పక్క గది ఖాళీ చేస్తాను. హ్యాంగర్లే కదా ఉన్నాయి అందులో."

"వస్తే ఏమవుతుంది?"

"వస్తే... వచ్చినట్టవుతుంది."

"ఉంటే?"

"ఉంటే రోజూ ఆ మొహం చూస్తావు. చూసినప్పుడల్లా ముగ్గురూ గుర్తొస్తారు. చూడగలవా?"

"చూడగలనక్కా. అదే నాకు నచ్చట్లేదు. చూస్తున్నాను, ఏమీ అనిపించట్లేదు. నిన్న ఆయన చొక్కా గుండీ ఊడితే కుట్టి ఇచ్చాను."

"అమ్మా తల్లీ! రేపు ఆసుపత్రి నుంచి తిన్నగా ఇక్కడికే రా. నా మాట విను."

"వస్తాను. నీ దగ్గర పెద్ద సంచి ఉందా?"

"ఉంది. ఎన్ని చీరలు పడతాయో అన్నీ కుక్కుకుని రా."

*గురువారం పదకొండు గంటలకి, డాక్టరుగారి గది. ఈసారి భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, ఆవిడ తలుపు కూడా వేసింది.*

"ముందు మంచి మాట చెబుతాను. మీ ఇద్దరికీ ఆ జబ్బు లేదు."

"ఏ జబ్బండీ?"

"ఆ లావు అక్షరాల జబ్బమ్మా. ఇప్పుడు చేయించింది అసలైన పరీక్ష. నీకు నెగటివ్, మీవారికీ నెగటివ్. ఎప్పుడో వచ్చి తగ్గిపోయినా ఇందులో దాని గుర్తు మిగిలిపోతుంది. అదీ లేదు."

"మరి ఆ పాజిటివ్?"

"ఉత్తుత్తి పాజిటివ్. ఎలాగో చెబుతా విను. మొదట అందరికీ చేసే పరీక్ష ఆ క్రిమిని వెతకదు. క్రిమి వచ్చినప్పుడు ఒంట్లో పుట్టే ఒక పదార్థాన్ని వెతుకుతుంది. గుమ్మంలో చెప్పులు చూసి ఇంట్లో ఫలానా మనిషి ఉన్నాడనుకుంటాం కదా, అలాంటిది. అలాంటి చెప్పులు ఇంకొకరికీ ఉండొచ్చు."

"ఇంకొకరెవరు?"

"అదే అసలు సంగతి. పెద్ద ల్యాబు నుంచి మూడు రిపోర్టులూ వచ్చాయి. నీ రక్తంలో కొన్ని యాంటీబాడీలు ఉన్నాయి. బయటి శత్రువు మీదకి పోవాల్సినవి, దారి తప్పి సొంత ఒంటి మీదకే వస్తాయి. అవి ఉంటే ఆ మొదటి పరీక్ష బోల్తా పడుతుంది. చలిగా ఉన్నప్పుడు నీ కాళ్ళ మీద ఊదారంగు గీతలు వలలాగా వస్తాయా?"

"షాపులో ఏసీ ఎక్కువండీ. అప్పుడు వస్తాయి."

"ఎవరికైనా చూపించావా?"

"పిలిచి చూపించేంత గొప్ప కాళ్ళు కావులెండి."

"పోనీ నేను అడగాల్సింది, అడగలేదు. ఇవి ఉంటే రక్తం తొందరగా గడ్డకడుతుంది. బిడ్డ అతుక్కునే చోట నాళాలు వెంట్రుకల్లా ఉంటాయి. అక్కడ మాయ సరిగ్గా ఊనుకోదు. బిడ్డ బాగానే ఉంటుంది, దానికి అందాల్సింది అందదు."

"అందదు."

"అవునమ్మా."

"ఇది నాకు ఎవరి నుంచి వచ్చింది?"

"ఎవరి నుంచీ రాలేదు. అంటుకునేది కాదు. నువ్వు తిన్నదాని వల్ల కాదు, ఎత్తిన బరువు వల్ల కాదు, ఎవరూ చేసిన తప్పు వల్ల కాదు. కొందరి ఒంట్లో ఇలా ఉంటుంది, అంతే. ఒకసారి పోతే ఎవరూ ఇంత దూరం వెతకరు. రెండుమూడు సార్లయ్యాకే పదకొండు సీసాలు పడతాం."

"మూడింటికీ ఇదేనా?"

"మూడింటికీ ఇదేనని ఒట్టేసి చెప్పలేను. కానీ అన్నీ కలుస్తున్నాయి. పన్నెండు వారాలాగి ఇవే పరీక్షలు మళ్ళీ చేయాలి. జ్వరాలవీ వచ్చినప్పుడు కూడా ఇవి కనబడి పోతుంటాయి. అప్పుడు కూడా ఉంటే ఖాయం."

"ఖాయమైతే?"

"మందుంది. రోజూ ఒక చిన్న మాత్ర. మళ్ళీ కడుపు నిలిస్తే పొట్ట చర్మం కింద రోజూ ఒక ఇంజెక్షను, కాన్పు దాకా. పదిమందిలో ఏడుగురు బిడ్డని తీసుకొచ్చి నాకు చూపించి వెళ్తారు."

"మిగతా ముగ్గురు?"

"వాళ్ళ గురించి ఇవాళ వద్దు."

"సరేనండీ."

"అన్నిటికీ సరే అంటున్నావు. నీకు సంతోషంగా లేదా?"

"ఉండే ఉంటుందండీ. నాకు కొంచెం ఆలస్యంగా తెలుస్తోంది ఈ మధ్య."

"సోమవారమే కూర్చోబెట్టి చెప్పాల్సింది నేను. ఆ కాన్పు హడావిడిలో మిమ్మల్ని అలా పంపేశాను. ఈ కాగితం పెట్టుకుని మీరిద్దరూ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నేనడగను."

"అడక్కండి."

"ఏమండీ, మీరు వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు. ఏమైనా అడగాలా?"

"ఒక్కటేనండీ. ఆ మొదటి పరీక్ష పూర్తిగా తప్పేనా? అంటే, ఈమెకి ఎప్పుడూ... ఏ రోజూ అది లేనట్టేనా?"

"ఏ రోజూ లేదు."

"ఖాయంగా?"

"ఖాయంగా. మీకూ లేదు."

"నా సంగతి సరేనండీ. మంచిది. మంచిదండీ. చాలా మంచిది."

"అయ్యో, ఇదిగో, కళ్ళు తుడుచుకోండి."

*ఆసుపత్రి మెట్లు, రెండో అంతస్తు మలుపు. సంచి ఆమె భుజానికుంది. అతను రెండు మెట్లు కింద ఆగాడు.*

"సంచి ఇటివ్వు. బరువు మొయ్యకూడదు నువ్వు."

"బరువుకీ దానికీ సంబంధం లేదందిగా డాక్టరు. ఉండనీండి. బట్టలే."

"బట్టలేంటి?"

"అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఇటునుంచి ఇటే."

"ఇప్పుడెందుకు? విన్నావుగా. జబ్బు లేదందిగా."

"జబ్బు లేదంది. ఆ ఊళ్ళో ఆవిడ లేదనలేదు. కాగితం తప్పు. మీరు చెప్పింది ఎక్కడికి పోతుంది? పసుపు మేడ, పైన గది. మేస్త్రీలు కట్టినట్టు కట్టి పెట్టారు నా తలలో. దాన్ని ఏ ల్యాబువాళ్ళొచ్చి పడగొడతారు?"

"ఏమోయ్, ఒక్కసారి కూర్చో."

"మెట్ల మీదా? జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు."

"దిగనీ. గోడ వైపుకి కూర్చో. ఆవిడ లేదు."

"ఇప్పుడు లేదు. తెలుసు. ఇల్లు ఖాళీ చేసింది."

"అప్పుడూ లేదు. ఎప్పుడూ లేదు. ఏ ఊళ్ళోనూ, ఏ మేడ మీదా ఎవరూ లేరు."

"బాగుంది."

"నిజం చెబుతున్నాను."

"బాగుందండీ. శుక్రవారం ఉంది, గురువారానికి లేదు. కాగితం మారేసరికి మనిషే మాయమైపోయింది. అక్కకి చెబితే చొక్కా ఇంకోటి కాలుస్తుంది."

"మీ అక్క ఏమన్నా పడతాను. అక్కడ మేం నలుగురం ఒకటే గదిలో ఉన్నాం. మోటార్లు దింపే గది. మాతో పనిచేసే ముసలాయన, స్పానర్ మామ అంటాం, ఆయన గురక నా చెవి పక్కనే. ఫోను కలపనా, అడుగుతావా? ఆ నాలుగు నెలల్లో నేను షాపు మెట్లెక్కింది ఒక్కసారి. చెవి నొప్పికి చుక్కలు కొనడానికి."

"మందుల షాపు."

"ఏంటి?"

"ముందు ఆవిడది మందుల షాపన్నారు. తర్వాత బట్టల కొట్టన్నారు."

"అన్నానా?"

"అన్నారు. అక్క పట్టుకుంది. నేను పట్టుకోలేదు."

"ఏమన్నానో నాకే గుర్తులేదు. నువ్వడుగుతుంటే నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాను. పేరడిగావు చూడు, అప్పుడు మాత్రం ఆగిపోయాను. అన్నీ తెలిసినవాళ్ళ పేర్లే వచ్చాయి. ఎవర్నీ ఇరికించబుద్ధి కాలేదు."

"ఆదివారం ఆవిడకి మందిప్పిద్దామంటే ఏడ్చారు."

"లేని మనిషికి నువ్వు ఉత్తరం రాస్తానంటుంటే ఏం చెయ్యను? అప్పుడే చెప్పేసేవాణ్ణి. కొంచెంలో ఆగాను."

"ఎందుకాగారు?"

"ఆగాను."

"మీకు అబద్ధం చెప్పడం రాదు. ఐదేళ్ళలో ఒక్కటీ కుదరలేదు మీకు. మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. ఆ రోజు నేను మీ మొహం చూడలేదు. కుళాయి చూస్తూ నిలబడ్డాను."

"ఇప్పుడు చూడు."

"చూస్తున్నాను."

"ఉందా ఎవరైనా?"

"...లేదు."

"లేదు కదా."

"లేదు. నాకు తెలుస్తోంది. నిజంగానే ఎవరూ లేరు."

"మరి పద, ఇంటికి. మీ అక్కకి నేనే చెప్పుకుంటాను."

"ఉండండి. అదయింది. ఇది నాకర్థం కావట్లేదు. లేని మనిషిని తెచ్చి నా ముందెందుకు నిలబెట్టారు? మూడింటికీ నేనే అన్నారు. ఆరు రాత్రులు చాప మీద పడుకున్నారు. చెయ్యని దానికి ఎవరైనా అలా ఒప్పుకుంటారా?"

"పోనీలే. అయిపోయిందిగా."

"పోనీలే కాదు. ఎందుకు?"

"చెబితే నీకు బాధ."

"రానీండి. బాధైతే బాధే, ఏదో ఒకటి రానీండి. చెప్పండి."

"కాగితాలు కూడా తప్పు చెబుతాయని నాకేం తెలుసు? ఆ జబ్బు నీకుందన్నావు. నేను ఎక్కడికీ పోలేదని నాకు తెలుసు. ఇక మిగిలింది నువ్వే. నీ నోటితో నువ్వు చెప్పుకోవాల్సి రాకూడదని, ముందు నేనే చెప్పేశాను."